బాబా అడిగిన జైన్

మా ఊళ్లో సవరం ఆడవాళ్ల సొత్తు. మగవాడు పెట్టుడు జుట్టు పెట్టుకోవడం కువైట్‌కు వచ్చాకే, హవల్లీలో నేను పనికి కుదిరిన ఇంట్లో చూశాను. ఆ ఇంటి యజమానికి, అదే మా బాబాకి, సొంత జుట్టు నిక్షేపంగా ఉంది. అయినా ఫ్యాషనని లండన్ నుంచి మూడు విగ్గులు తెచ్చుకున్నాడు. వీధిలోకి వెళ్తే ఎలాగూ తలగుడ్డ వేసుకుంటాడు కాబట్టి ఆ సోకు చూసే ఖర్మ ఇంట్లోవాళ్లదే. బీరువా అద్దం ముందు నిలబడి "జైన్?" అనేవాడు, బాగుందా అని. "చాయ్ చల్లారిపోతోంది బాబా" అనేదాన్ని. అవసరం పడితే తప్ప నేను అబద్ధం ఆడను.

ఇరాక్ సైన్యం వచ్చి పడ్డాక ఆ అవసరం పడింది. బాబా కువైట్ సైన్యంలో ఆఫీసరు. అలాంటివాళ్లను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతున్నారు, పోయినవాళ్లు తిరిగి రావడం లేదు. ఒక ఉదయం మా గేటు దబదబా మోగింది. యజమానురాలు మామా ఆయన్ను బీరువాలోకి తోసి తలుపు మూసింది.

మిగతావాళ్లు కింద వెతుకుతుంటే ఒక సిపాయి మేడ మీది పడగ్గదిలోకి వచ్చి బీరువా పిడి మీద చెయ్యి వేశాడు. పక్కన బల్ల మీద విగ్గులు కనబడ్డాయి. ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, ఒకటి తీసి, పెట్టుకోమని సైగ చేశాను. వాడు పిడి వదిలి టోపీ తీశాడు. బట్టతల. విగ్గు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. ఆ అద్దం వెనకే బాబా ఉన్నాడు.

"జైన్" అన్నాను. "జైన్, జైన్."

రెండోది ఇచ్చాను. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. "నీ మొగానికి ఇదొగటే తక్కువైంది నాయనా" అని నవ్వుతూ మా కడప మాటల్లో దీవించాను. అదీ పొగడ్తే అనుకున్నాడు. మూడోది ఉంగరాల జుట్టు, బాబాకు ప్రాణం. అది పెట్టగానే వాడు పెళ్లికొడుకైపోయాడు. చెయ్యి మళ్లీ పిడివైపు పోతుంటే "నీకే, తీసుకో, యల్లా, ఇంక నడువు" అన్నాను. దాన్ని చొక్కాలో దోపుకుని, పైన ఎవరూ లేరని తోటివాళ్లకు కేకేస్తూ మెట్లు దిగిపోయాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక తలుపు తీశాం. బాబా చెమటతో తడిసి బయటికొచ్చాడు. మామా ఆయన్ను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంత భయం మళ్లీ ఎన్నడూ పడలేదు. ఆయన మాత్రం రెండు విగ్గులే మిగిలిన బల్లను చూసి, నన్ను చూశాడు.

"ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా జైన్ అన్నావా?" అని అడిగాడు.