ప్రార్థనలో అమ్మ వంతు

ఈ రాత్రి అన్నాల ముందు ప్రార్థన మా చిన్నది చేసింది. దాన్ని ఇంకా బడిలో వేయలేదు. కళ్లు ఎంత గట్టిగా మూసిందంటే ముక్కు కూడా ముడతలు పడింది. "యేసయ్యా, అన్నం ఇచ్చినవ్, స్తోత్రం. మమ్మీ నాకు ఫోన్ ఇయ్యాలె. గదే నీ చిత్తం. ఆమేన్" అని, ఒక్క కన్ను తెరిచి నావైపు చూసింది. వాళ్ల నాన్న ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆయనది రాత్రి షిఫ్టు, ఈపాటికి బాయిలోకి దిగి ఉంటాడు. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అనే అంటారు. నేను నవ్వలేకపోయాను. 'ఇవ్వను' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చెయ్యి దానంతట అదే ఫోన్ తీసి ఇచ్చేసింది. పిల్ల బొమ్మలు చూస్తూనే నిద్రపోయింది. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుని (నాకిదొక జబ్బు, రాత్రికి ఎన్నిసార్లు చూస్తానో నాకే తెలియదు), ఇది రాయడానికి కూర్చున్నాను. ఫోన్ ఎందుకిచ్చానో నాకు బాగా తెలుసు. బాపమ్మకు భయపడి ఇచ్చాను. బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది.

బాపమ్మ అంటే మా నాన్నను, అంటే బాపును, కన్నతల్లి. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో మేం నలుగురం ఉండేవాళ్లం: బాపమ్మ, బాపు, అమ్మ, నేను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే వంటింటి గూట్లో స్టీలు గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమనేవి, బాపమ్మ నిద్రలోనే "స్తోత్రం" అనేది. ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి పడేది. దాన్ని దులిపే పని నాది. ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద తిట్టు 'సొంత ఇష్టం'. పక్క క్వార్టర్ల వాళ్లు తిట్టుకునే బూతులన్నీ నాకు వచ్చు. కానీ "నీ సొంత ఇష్టమాయె ఇగ" అని బాపమ్మ అంటే పడినంత దెబ్బ వాటిలో ఏదీ వేయలేదు. ఏ పనికైనా దేవుని చిత్తం కనిపెట్టాలి. అంటే ప్రార్థన చేసి, ఆయన సెలవిచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి. టీవీ కొనడం ఆయన చిత్తం కాదు. నాకు ఎర్ర రిబ్బన్లు ఆయన చిత్తం కాదు. కోడికూరలో కాలి ముక్క ఎవరికి పోవాలన్న దాంట్లో కూడా ఆయనకు ఒక చిత్తం ఉండేది, అది తరచుగా బాపమ్మ పళ్లెంలోకే వచ్చేది.

తాతను నేను చూడలేదు. ఒక ఆదివారం ఆరాధన మానుకుని డ్యూటీకి పోయాడు, బాయి పైకప్పు కూలింది. "తన ఇష్టానికి నడుసుకుంట పోయిండు, నలుగురు మోసుకొచ్చిండ్రు" అని బాపమ్మ ఆ సంగతి ఒకే వాక్యంలో చెప్పేది. ఆ ఆదివారమే డ్యూటీ చేసి, ఇంటికొచ్చి, కడుపునిండా తిని పడుకున్న మిగతా వాళ్ల గురించి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. బాపు కూడా బాయిలోనే చేరాడు. కాబట్టి రోజుకు ఎనిమిది గంటలు మా ఇంటి ప్రాణం భూమి కింద ఉండేది. దేవుని చిత్తం కాని పని పైన ఎవరు చేసినా కింద బాపు మీద కూలుతుంది. ఈ లెక్క మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ వచ్చు.

సాయంత్రం కుటుంబ ప్రార్థన. చాప మీద గుండ్రంగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఒకరి తర్వాత ఒకరం ప్రార్థించాలి. మొదట బాపమ్మ, తర్వాత బాపు, తర్వాత అమ్మ, చివర నేను. ఒకరి ప్రార్థన నడుస్తుండగా ఇంకొకరు కళ్లు తెరవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఈ రెండు నియమాల వల్ల ఆ చాప మనిషిని తిట్టడానికి చాలా అనువైన చోటు. బాపమ్మ ప్రార్థన అచ్చు పుస్తకంలా మొదలై, తిట్టు దగ్గరికి వచ్చేసరికి మా ఖని యాసలోకి దిగేది. "కృపగల తండ్రీ, ఈ దినమంతయు మమ్మును కాచితివి, నీకు స్తోత్రము. ఈ ఇంట్ల పప్పుల ఉప్పు ఎక్కువేసే చెయ్యిని నువ్వు సూస్తనే ఉన్నవ్ తండ్రీ. మనసు బెల్లంపల్లిల ఉంటే చెయ్యి ఈడెట్ల పనిచేస్తది ప్రభువా?" బెల్లంపల్లి అమ్మ పుట్టిల్లు. మొదట్లో అమ్మ కూడా తక్కువ తినలేదు. తన వంతు వచ్చినప్పుడు, "ఉప్పు ఎక్కువైన పప్పును రెండుసార్లు ఏసుకున్నోళ్లను గూడ దీవించు తండ్రీ" అనేది. బాపు వెంటనే "స్తోత్రం, స్తోత్రం" అని గట్టిగా అరిచి ఆ మాట మునిగిపోయేలా చేసేవాడు. భూమి కింద ఆయన ఎంత ధైర్యవంతుడో తోటివాళ్లు కథలుగా చెప్పేవారు. ఆ ధైర్యం లాంప్‌రూంలో బాయి దీపంతో పాటు అప్పగించి వచ్చేవాడనుకుంటాను.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు బెల్లంపల్లిలో అమ్మమ్మకు జబ్బు ముదిరింది. పక్క క్వార్టర్ వాళ్ల ఫోన్‌కు కబురొచ్చింది, వచ్చి చూసిపొమ్మని. బెల్లంపల్లి ఎంత దూరమని? రామగుండం స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి, గోదావరి దాటి, పల్లీల పొట్లం ఒకటి తినేలోపు వచ్చే ఊరు. అమ్మ సంచి సర్దింది. బాపమ్మ వద్దనలేదు. ఆమె ఎప్పుడూ ఏదీ వద్దనలేదు.

"పో బిడ్డా, నేనేమన్న పట్టుకున్ననా? గని ప్రభువును అడిగినవా?"

"చూసి మల్ల పొద్దుగాలనే వస్త అత్తమ్మా. అవ్వ నన్నే తలుస్తున్నదట."

"నీ ఇష్టానికి నువ్వు పోయినంక బాయిల వానికి ఏమన్నయితే, నన్నడుగకు."

అమ్మ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం చాప మీద బాపమ్మ ప్రార్థించింది: "తండ్రీ, ఈ పిల్ల తల్లికాడికి పోతనంటున్నది. అది దాని ఇష్టమో నీ చిత్తమో మాకు తెలిసేదాక ఆగుతం. తొందర మాది, సమయం నీది." బాపు 'స్తోత్రం' అన్నాడు, కాస్త మెల్లగా.

ఆ వారం మా ఇంట్లో కూడిక ఉంది. అంటే సంఘమంతా ఒక ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, భోజనం చేసి వెళ్లడం. పాస్టరు అయ్యగారు, ఆయన వెనక చాలా కుటుంబాలు. బగారన్నం, కోడికూర, సొరకాయ పప్పు. అంత వంట బాపమ్మ ఒక్కతే చేయలేదు. ఆ వంటకూ, అమ్మ ప్రయాణం ఆగడానికీ సంబంధం ఉందని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కూడిక అయ్యేదాకా దేవుడు నోరు విప్పలేదు, అంతే. అమ్మ పెరట్లో రాళ్ల పొయ్యి మీద గుండిగ ఎక్కించి ఉల్లిగడ్డలు వేయించింది. కళ్లు కారుతుంటే ఉల్లిగడ్డలకే అనుకున్నారు అందరూ. కూడికలో అయ్యగారు అమ్మమ్మ స్వస్థత కోసం చాలాసేపు ప్రార్థించారు. ఆయనకు పాపం ఏమీ తెలియదు. అందరూ చప్పట్లు కొట్టి స్తుతించారు. తర్వాత అందరూ తిన్నారు, బగారన్నం మెచ్చుకున్నారు, ఒకావిడ డబ్బాలో కట్టించుకుని పోయింది కూడా. చీకటి పడ్డాక అమ్మ చివరి గుండిగ తోమి బోర్లించింది. అప్పుడు బాపమ్మ తమలపాకు నములుతూ అంది: "ప్రభువు సెలవిచ్చిండు బిడ్డా. రేపు పో."

పొద్దున్నే పక్క క్వార్టర్ ఆమె గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, బెల్లంపల్లి నుంచి ఫోనొచ్చింది. మీ అవ్వ పోయిందట" అంది. అమ్మ ఒక్క క్షణం ఆమెను చూసి, లోపలికి పోయి అదే సంచి తీసుకుంది. బాపమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "ప్రభువు చిత్తం" అంది. ఆమె పలకరింపు అంతే.

బెల్లంపల్లి నుంచి వచ్చిన సాయంత్రం నుంచి అమ్మ ప్రార్థన మారిపోయింది. చాప మీదికి వచ్చేది, ముసుగు కప్పుకునేది, కళ్లు మూసుకునేది. తన వంతు వచ్చినప్పుడు ఒక్క మాట కూడా పలికేది కాదు. ఆమె ఆమేన్ అనేదాకా ఎవరూ కదలకూడదు, అది బాపమ్మ పెట్టిన నియమమే. ఆ మౌనం ఒక్కోరోజు కొంచెంగా, ఒక్కోరోజు చాలా పొడుగ్గా ఉండేది. అన్నం చల్లారేది. బాపు డ్యూటీకి ఆలస్యమయ్యేవాడు. నేను దొంగచాటుగా ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. బాపమ్మ పెదాలు బిగించుకుని, ఏదో విని తీరాలన్నట్టు మెడ ముందుకు చాచి కూర్చునేది. తిడితే తిరిగి తిట్టగలిగేది, ఏడిస్తే మందలించగలిగేది. దేవుడితో కోడలు ఏం చెప్పుకుంటోందో తెలియకపోవడం ఆమె తట్టుకోలేకపోయింది. "పైకి చెయ్యి ప్రార్థన, మేం గూడ ఆమేనంటం" అని ఒకసారి బతిమిలాడింది కూడా. అమ్మ "ఆయనకు ఇనబడుతున్నది అత్తమ్మా" అని లేచిపోయింది. అలా ఏళ్లు గడిచాయి.

నేను డిగ్రీ చదువుతుండగా బాపమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా, ఒకటీ అరా వచ్చేది. అంతకాలం దేవుడి తరఫున మాట్లాడిన నోరు అది. మంచం మీదే అన్నీ. అమ్మే కడిగేది, అమ్మే తినిపించేది. చెంచా నోట్లో పెట్టేటప్పుడు కూడా ఆమె ముఖం చూసేది కాదు, గోడకు మేకు కొడుతున్నంత శ్రద్ధగా పెట్టేది. ఆ రోజుల్లోనే బసంత్‌నగర్‌లో ఉన్న మా మేనత్తకు, అంటే బాపమ్మ కూతురికి, డాక్టర్లు ఇక లాభం లేదని చెప్పి ఇంటికి పంపేశారు. ఆ మాట బాపు నోటి నుంచి విన్న బాపమ్మ ఎడమచెయ్యి ఎత్తి గుమ్మం వైపు చూపించింది. "బిడ్డ... బిడ్డ..." అంది. బాపు అమ్మవైపు చూశాడు. అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"ప్రార్థన చేద్దాం" అంది.

కళ్లు మూసుకున్నాం. అన్నేళ్ల తర్వాత అమ్మ గొంతు ప్రార్థనలో వినిపించింది. "తండ్రీ, ఈమె బిడ్డకాడికి పోతనంటున్నది. అది ఆమె ఇష్టమో నీ చిత్తమో మాకు తెలిసేదాక ఆగుతం. తొందర మాది, సమయం నీది." ఒక్క అక్షరం తడబడలేదు. బాపు 'స్తోత్రం' అనలేకపోయాడు. నేను కళ్లు తెరిచాను. బాపమ్మ కళ్లు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. ప్రార్థనలో ఆమె కళ్లు తెరవడం నేను చూడటం అదే మొదలు. ఆ కళ్లు అమ్మ పెదాల మీదే ఉన్నాయి, ఆమేన్ కోసం. అమ్మ ఆమేన్ అనలేదు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది, గిన్నెలు గలగలమన్నాయి. అప్పుడూ అనలేదు. బాపమ్మ నోటి చివర నుంచి చొంగ కారుతోంది, తుడిచేవాళ్లు లేరు.

చివరికి "ఆమేన్" అంది. లేచి, బాపమ్మకు ఉతికిన చీర కట్టి, జుట్టు చిక్కు తీయకుండానే బర్రున దువ్వి, "ఆటో పిలువు, జల్ది" అంది నాతో. బసంత్‌నగర్ దారిలో సిమెంటు లారీల వెనక ఆటో ఎగిరెగిరి పడుతుంటే బాపమ్మ మా ఇద్దరి మధ్య మూటలా ఒరిగిపోయింది. మేనత్తకు ఇంకా తెలివి ఉంది. తల్లిని చూసింది, చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆ గదిలోకి రాలేదు, వాకిట్లో నిలబడింది. తిరిగి వస్తున్నప్పుడు బాపమ్మ ఎడమచెయ్యి మెల్లగా జరిపి అమ్మ చేతి మీద పెట్టింది. అమ్మ కొంగు సర్దుకునే వంకతో తన చెయ్యి తీసేసుకుంది.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతుంటే అడిగాను, "ఎట్లైన పంపినవ్ గద, మల్ల ఆ ప్రార్థన ఎందుకమ్మా?"

"నా ఇష్టమైతే పంపకపోదును" అంది అమ్మ, చేటలోంచి తల ఎత్తకుండా. "సచ్చిపోయే బిడ్డకాడికి తల్లిని తోల్కపోవాలె. అది ఆయన చిత్తమని తెల్వనీకి ప్రార్థనెందుకే? మీ బాపు నోట్ల మాట పడంగనే నాకు తెల్సు."

"మరి?"

"ఆమె ఒక్కసారి ఇనాలె గద."

దేవుని చిత్తం చేసినవాళ్ల ముఖం వెలుగుతుందని సండే స్కూల్లో చెప్పేవారు. ఆ సాయంత్రం నేను అమ్మ ముఖం చాలాసేపు చూశాను. ఏమీ వెలగలేదు. తన ఇష్టాన్ని చంపుకుంది, నిజమే. కానీ దాన్ని పూడ్చిపెట్టలేదు, బాపమ్మ పోయేదాకా రోజూ ఆమె మంచం పక్కనే ఉంచింది.

ఇప్పుడు నా పిల్ల నిద్రలో పెదాలు కదుపుతోంది. ఆ ప్రార్థన దానికి బాపమ్మ నేర్పలేదు, నేనే నేర్పాను. "చాక్లెట్ తింటే యేసయ్యకు ఇష్టం లేదు", "పాలు తాగడం యేసయ్య చిత్తం" అని రోజంతా చెప్పేది నేనే, అలా చెబితే పని జల్ది అయిపోతుంది. పిల్ల అదే మాట నాకు తిరిగి ఇస్తే, మా ఆయన బాయిలో ఉన్నాడని గుర్తొచ్చి, కాదనలేక ఇచ్చేశాను. పొద్దున్నే ఆయన మసి ముఖంతో గుమ్మం దాటేదాకా నేను పడుకోను. చిత్తం దేవునిదే అంటారు. మా ఇంట్లో మాత్రం అది చాలాకాలం బాపమ్మ గుప్పిట్లో ఉంది, ఒక మధ్యాహ్నం కాసేపు అమ్మ దగ్గర ఉంది, ఈ రాత్రి చూస్తే నా పిల్ల చేతికి వచ్చినట్టుంది.