ఎడమచేతి చూపుడువేలు

చేపలకు టీకాలు వేసే రోజుల్లో మా షెడ్డంతా లవంగాల వాసన వేస్తుంది. చేపపిల్లలను మత్తులో ముంచే తొట్టిలో లవంగనూనె కలిపేది నేనే. ఎంత రుద్దుకుని స్నానం చేసినా ఆ వాసన పోదు. కువైట్‌లో, ఖైతాన్ అనే పేటలో మా అన్నయ్య ఇంట్లో ఉంటాను. ఆ రోజుల్లో మా వదిన నేను గడప దాటగానే "బిర్యానీ వచ్చింది" అంటుంది.

మేం పెంచేది సీబాస్. మన పండుగప్పకు దూరపు చుట్టం. ఎడారి అంచున రేకుల షెడ్డు, లోపల వరసగా తొట్లు, వాటిలో పైపుల ద్వారా వచ్చే ఉప్పునీళ్ళు. నేను ఇంటి దగ్గర చేపల పెంపకమే చదువుకున్నాను. మనుషులతో మాట్లాడటం కంటే తొట్ల మధ్య తిరగడం నాకు సులువు కాబట్టి ఈ ఉద్యోగం దొరికినప్పుడు సంతోషించాను. ఎవరూ చూడకుండా చదువుకోవడానికి నా సంచిలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది.

ఈ సంగతి జరగడానికి ముందు ఏడాది మా చేపపిల్లలకు వైరస్ పట్టింది. అది మెదడుకూ కళ్ళకూ ఎక్కుతుంది. జబ్బుపడిన పిల్ల నీటి మీద బొంగరంలా తిరిగి తిరిగి, చివరికి పొట్ట పైకి పెట్టి తేలుతుంది. పొద్దున్నే వలబుట్టతో వాటిని తోడి బయట పోసేవాళ్ళం. దానికి మందు లేదు. జబ్బు రాకముందే, వేలంత ఉన్నప్పుడే, ఒక్కొక్క పిల్లనూ ఎడమచేతిలోకి తీసుకుని పొట్టలో టీకా గుచ్చాలి.

దానికి చాలామంది కావాలి. కంపెనీలో అంతమంది లేరు. ఫారం యజమాని తన చుట్టాల ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళను వ్యానులో పిలిపించేవాడు. వాళ్ళ వీసాలు ఇంటిపనివి. ఇంటి బయట ఎక్కడ పనిచేస్తూ దొరికినా వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు, మళ్ళీ ఈ దేశం రానివ్వరు. ఎక్కించేది పనిమనిషినే, ఆమెను పనికి పంపినవాళ్ళను కాదు.

వాళ్ళలో ఒకావిడను నేను పిన్నీ అని పిలిచేదాన్ని. కోనసీమ మనిషి. అర్దియాలో యజమాని చెల్లెలి ఇంట్లో చాలా ఏళ్ళుగా ఉంటోంది. మత్తులో ఉన్న పిల్లను నేను తొట్టిలోంచి తీసి బల్ల మీద పెడితే, పిన్ని తీసుకుని గుచ్చి, మత్తు కలపని ఉప్పునీళ్ళ కాలువలోకి జారవిడిచేది. ఆవిడంత వేగంగా ఎవరూ చేయలేకపోయేవారు. చేతులతో పాటు నోరూ ఆడేది.

"మా పిల్లకి పోలియో చుక్కలేయించడానికి మా ఆయన ఒక్కపూట సెలవెట్టలేదు. ఈటికి చూడు, ఇంతమందిమి," అనేది. "ఏవమ్మా చదువుకున్నమ్మాయ్, రేపు ఈటిని కోసుకు తినేవోళ్ళకి కూడా జొరం రాదా?"

"రాదని కాదు పిన్నీ..."

"నువ్వు ఔనన్నా ఇనపడదు, కాదన్నా ఇనపడదు. గట్టిగా మాటాడటానికి ఏమన్నా ఖర్చా?"

ఆ పిల్ల, పోలియో చుక్కల పిల్ల, అప్పుడే కువైట్ వచ్చింది. అర్దియాలోనే ఇంకో ఇంట్లో పనికి చేరింది. వచ్చిన దగ్గర్నుంచీ ఏడుపే. శుక్రవారాలు తల్లీకూతుళ్ళు వీధి మలుపులో కొట్టు దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకునేవారు. పిన్నికి ఈ దేశంలో ఉండాల్సిన పని అదొక్కటే అయిపోయింది. "నేనుండబట్టి అది ఉంది. నేను పోతే అది బతకదే," అని నాతో చాలాసార్లు అంది.

పని మొదలయ్యే ముందు మా ఇంజనీరు, ఈజిప్టు ఆయన, అందరినీ నిలబెట్టి ఒక మాట చెప్పేవాడు. నేను దాన్ని తెలుగులో చెప్పాలి. ఈ టీకా నూనెలో కలిపింది. చేపకు మంచిదే. మనిషి వేలిలో దిగితే మాత్రం కరగదు, అక్కడే ఉండి లోపల కండను తినేస్తుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. గుచ్చుకుంటే దాచకండి, ఖాళీ సీసా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. నా గొంతు వెనక వరసకు వినపడేది కాదు. పిన్ని అందుకుని అరిచి చెప్పేది.

అందుకని ఆవిడకు తెలియదని అనడానికి లేదు.

ఆ రోజు భోజనాల దగ్గర పిన్ని నాకు టిఫిన్ డబ్బా ఇచ్చి, "మూత తీసిపెట్టు," అంది. కుడిచేత్తో తింది. ఎడమచేతికి తొడుగు అలాగే ఉంది, ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత లేచి పనిలోకి వెళ్ళింది. మాటలు మాత్రం ఆగిపోయాయి. సాయంత్రం తిరిగి వెళ్తుంటే వ్యానులో పక్కన కూర్చుని తొడుగు లాగబోయింది, రాలేదు. నా సంచిలో కత్తెర తీసి కోశాను. చూపుడువేలు ఉబ్బి, కొస తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎప్పుడు పిన్నీ?"

"పొద్దున్నే. ఊరుకో. అందరూ ఇంటారు."

అర్దియాలో ఆవిడతో పాటు నేనూ దిగిపోయాను. గోడ పక్కన నిలబడి మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, ఫోన్ చేసింది. మామా గొంతు నాకూ వినపడుతోంది. ఆవిడకు కోపం లేదు, భయం ఉంది. క్లినిక్‌కు వెళ్ళు, ఇంట్లో బట్టలు కుడుతుంటే సూది గుచ్చుకుందని చెప్పు, ఫారం మాట ఎత్తావంటే నీకూ నాకూ ఖలాస్ అంది.

"కుట్టుసూదంటే కట్టుకట్టి పంపేస్తారు పిన్నీ. లోపల మందు అలాగే ఉండిపోతుంది."

"ఉండనీ. వేలు పోతే తొమ్మిదుంటాయి. పిల్ల ఒక్కతే. నువ్వు నోరెత్తకు. అది నీకు కష్టం కాదుగా."

క్లినిక్‌లో మలయాళీ నర్సు ఉంది. పిన్ని సివిల్ ఐడీ చూసి, ఏమైందని హిందీలో అడిగింది. కుట్టుసూది అంది పిన్ని. నర్సు వేలు తుడిచింది. ధనుర్వాతం సూది వేస్తాను, రెండు రోజులు తడపకు అంది. దూది తీసుకుంది.

ఖాళీ సీసాలు ఏరిపెట్టేది నేనే కాబట్టి నా కోటు జేబులో ఒకటి ఉండిపోయింది. తీసి ఆమె పళ్ళెంలో, దూది పక్కన పెట్టాను.

నర్సు సీసా తిప్పి చదివింది. దాని మీద చేప బొమ్మ ఉంది. పిన్నిని చూసింది, నన్ను చూసింది, దూది వదిలేసి డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"కొంప ముంచేవు," అంది పిన్ని. గొంతు పెంచలేదు.

డాక్టరు మనదేశం వాడే. ఇది ఎక్కడ జరిగిందని అడిగాడు. పిన్ని వెంటనే, "మామా ఇంట్లో చేపల తొట్టి ఉంది సార్, వాటికి టీకా ఏస్తున్నాం," అంది. ఆయన నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "ముందు వేలు సంగతి చూద్దాం," అని పెద్దాస్పత్రికి అంబులెన్సు పిలిచాడు.

అక్కడ వేలు నిలువునా కోసి కడిగారు. పొద్దున్నే వచ్చి ఉంటే మొత్తం మిగిలేదట. మధ్య కణుపు దాకా తీసేయాల్సి వచ్చింది. ఇంకా ఆలస్యమైతే అరచేతిలోకి పాకేదని సర్జను చెప్పాడు. నేను ఆ మాటను తెలుగులో పిన్నికి చెప్పాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

పోలీసులు రాలేదు. ఆస్పత్రి కాగితం వెనకాల ఎవరో వస్తారని మామా భయపడింది, అంతే. కట్టు విప్పకముందే టిక్కెట్టు కొని పిన్నిని ఊరికి పంపించేసింది. వెళ్తున్నట్టు పిన్ని నాకు కబురు చేయలేదు. నా ఫోన్ ఎత్తలేదు. ఆ వారమంతా రోజూ రాసుకునే డైరీలో తారీఖులు వేసి వదిలేశాను. సీసా తీయకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపించదు. అయినా రాయడానికి ఏమీ తోచలేదు.

తర్వాతి విడత పిల్లలు వేలంత అయ్యాయి. మళ్ళీ వ్యాను వచ్చింది. మళ్ళీ ఇళ్ళ నుంచే వచ్చారు. వాళ్ళలో సన్నగా, తల వంచుకుని ఉన్న ఒకమ్మాయి దిగింది. దవడ చూడగానే పోలిక తెలిసింది. ఇంట్లో పనికి మనిషి కావాలి కదా, పిన్ని కూతుర్ని మామా తన ఇంటికి మార్పించుకుంది.

ఆ రోజు నేను గట్టిగానే చెప్పాను. గుచ్చుకుంటే దాచొద్దు, ఆస్పత్రిలో కుట్టుసూదని చెప్పొద్దు, వెంటనే నాకు చెప్పండి అన్నాను. వెనక వరస దాకా వినపడింది.

ఒకావిడ, "చెబితే ఏమవుద్దండీ?" అంది.

"వేలుంటుంది," అన్నాను. తర్వాత, "ఇంటికి పంపొచ్చు," అని కూడా అన్నాను.

ఆ అమ్మాయి వచ్చి పిన్ని చోటులోనే నిలబడింది. ఎడమచేతికి ఒక తొడుగు మీద ఇంకోటి వేసుకుంటోంది.

"సూదికి అది అడ్డం కాదమ్మా," అన్నాను.

"తెలుసండి." రెండోది మణికట్టు దాకా లాక్కుంది. "మా అమ్మ చెప్పిందండి. గుచ్చుకుంటే మీకు మాత్రం చెప్పొద్దంది."

నేను లవంగనూనె తొట్టిలోంచి మొదటి పిల్లను తీసి బల్ల మీద పెట్టాను. ఆ రోజంతా చేపల వంక కాదు, ఆ అమ్మాయి ఎడమచేతి వంకే చూస్తూ ఉన్నాను.