పల్లంలో ఇంజన్ కట్టేసిన పాపానికి

లీడ్స్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఏ పని వచ్చా అని ఎవరడిగినా "ఓ, భేషుగ్గా" అనేవాణ్ణి. రాదని చెప్పడానికి నోరు రాని వయసు అది. ప్రొబేషన్ పూర్తి కావడానికి ఇంకో రెండు వారాలున్నాయి. గట్టెక్కితే ఉద్యోగం, వీసా రెండూ నిలుస్తాయి, లేదంటే పెట్టె సర్దుకుని విశాఖపట్నం పోవడమే. సరిగ్గా అప్పుడే మా టీమ్ లీడ్ (కరీంనగర్ ఆవిడ, నాకు మాత్రం అక్క) వచ్చి, "తమ్మీ, నీకు టూ-స్ట్రోక్ బండి నడపొస్తదా?" అంది. "భలేదానివే అక్కా! మా బాబాయి స్కూటర్ మీదే కదా పెరిగాను" అన్నాను. "అయితే ఉన్ని బట్టలు సర్దుకో. స్కాట్లండ్ పోతున్నం."

సంగతేమిటంటే, మా కంపెనీ బళ్లకు బిగించే ఒక చిన్న పెట్టె తయారుచేసేది. బండి ఎంత వేగంతో పోయింది, ఇంజన్ ఎంత తిరిగింది, పెట్రోల్ ఎంత తాగింది, అన్నీ క్షణం క్షణం రాసుకుంటుంది. అందులోని ప్రోగ్రామంతా మూణ్ణెల్లు కూర్చుని అక్క రాసిందే. కొండ మీద స్కీయింగ్ చేయించేవాళ్లు ఒక కొత్త స్నోమొబైల్, అంటే మంచు మీద పోయే బండి, కొన్నారు. దానికి మా పెట్టె బిగించి కొండదారిలో ఒక చుట్టు తిప్పి చూపించాలి. నచ్చితే వాళ్ల బళ్లన్నిటికీ తీసుకుంటారు. మామూలుగా నడిపే అతనికి నడుం పట్టేయడంతో ఆ భాగ్యం నాకు దక్కింది.

అక్కడ బళ్ల మీద పెత్తనమంతా ఒక గడ్డం తాతది. ముందు రెండు స్కీలు, వెనక గిర్రున తిరిగే రబ్బరు పట్టా ఉన్న ఆ బండిని ఆయన నాకు పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాడు. కిక్కు లేదు, గేర్లు లేవు, మీట నొక్కితే చాలు. పొగ వాసన తగలగానే బాబాయి గుర్తొచ్చి గుండె నిండిపోయింది. అదే ఊపులో ఎడమచేతి కింది లివర్ క్లచ్ అనుకుని గట్టిగా నొక్కాను. అది బ్రేకు. బండి ఠక్కున ఆగి, నా ముక్కు వెళ్లి ముందున్న అద్దానికి తగిలింది. "స్కూటర్ నడిపింది కలలోనా?" అన్నాడు, నా స్కూటర్ గొప్పలు అప్పటికే విన్న తాత. ఆ తర్వాత అరగంట చదునులో తిప్పించి, "కర్రలు పాతిన దారి వదలకు" అని పంపించాడు. అక్క మాత్రం బండి వెంట నాలుగడుగులు నడిచి, "పైలం తమ్మీ, ఇది కరాబైతే ఇద్దరం పోతం" అంది.

ఎక్కేటప్పుడు బాగానే ఉంది. శిఖరం మీద దారి మలుపు తిరిగి పల్లంలోకి దిగింది. అంతే, సింహాచలం కొండ దిగేటప్పుడు వెనక కూర్చుని బాబాయి వేసే కేక చెవిలో వినబడింది. "పల్లం వచ్చిందంటే ఇంజన్ కట్టెయ్యరా! దేవుడిచ్చిన పల్లానికి పెట్రోలెందుకు?" నన్నడగకుండానే నా బొటనవేలు ఇంజన్ ఆపే ఎర్ర మీట నొక్కేసింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. మొదటి పది క్షణాలు స్వర్గం. ఆ తర్వాత పొగమంచు కమ్మేసింది. కర్రలు ఒక్కోటి ఎదురొచ్చి మాయమవుతున్నాయి, వేగం పెరుగుతోంది. బ్రేకు నొక్కితే పట్టా బిగుసుకుపోయింది కానీ బండి ఆగలేదు, గట్టి మంచు మీద అడ్డంగా జారడం మొదలెట్టింది. ఎదురుగా మంచులో ఒక ఎర్రకోటు. ఎవరో ఆవిడ, వంగి బూటు సరిచేసుకుంటోంది, నా వైపు వీపు. హారన్ కోసం తడిమాను. ఆ బండికి హారన్ లేదు! ఇంజన్ వేద్దామంటే ఏ మీట ఏదో మర్చిపోయాను. చచ్చాంరా బాబూ అనుకుని, ఇన్నేళ్లు చదివిన ఇంగ్లీషులో ఒక్క ముక్క గుర్తురాక, "తప్పుకోండి! అమ్మా, తప్పుకో!" అని గొంతు చించుకున్నాను. ఆవిడ తిరిగి చూసి పక్కకు దూకింది. బండి ఆవిడ నిలబడ్డ చోటు దాటి మెత్తటి మంచుగుట్టలో దిగబడింది. నా చేతులు హ్యాండిల్‌ని వదల్లేదు. ఆవిడ లేచి మంచు దులుపుకుని, నాకే "సారీ" చెప్పింది. (ఈ దేశంలో ఎవరి కాలు ఎవరు తొక్కినా తొక్కించుకున్నవాళ్లే సారీ చెబుతారు.)

ఎలాగో ఇంజన్ వేసి, గుట్టలోంచి బయటపడి, ఏమీ ఎరగనట్టు కిందికి చేరాను. గదిలో అక్క పెట్టెలోని లెక్కలు తెర మీద వేసింది. తాత కళ్లజోడు సర్దుకుని, "ఇక్కడ వేగం నలభై, ఇంజన్ సున్నా! పైగా పెట్రోల్ చుక్క తాగలేదట. మీ పెట్టె పాడైంది. మాకొద్దు" అన్నాడు. అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. "తమ్మీ, నాదే ఏదో తప్పు. గంట టైమడుగుతా, వెతుకుతా" అని గొణుగుతూ తను రాసిన వరుసలు పైకీ కిందికీ తిప్పడం మొదలెట్టింది.

నోరు మూసుకుంటే తప్పు పెట్టెది, నా వీసా భద్రం. విప్పితే తప్పు నాది. అక్క వేళ్లు లేని తప్పు కోసం వెతుకుతున్నాయి. ఇక చూడలేకపోయాను. "పెట్టె సరిగ్గానే ఉందండి. ఇంజన్ నేనే ఆపేశాను" అన్నాను.

"ఎందుకు?"

"పెట్రోల్ కలిసొస్తుందని."

ఎర్రకోటావిడ సంగతీ చెప్పేశాను. తాత గడ్డం అదిరింది. "ఆ చప్పుడు విని కదా జనం తప్పుకునేది! మనిషిని చంపేవాడివి!" అని ఆయన తిట్టిన తిట్లు సగం అర్థం కాలేదు, కానీ అన్నీ న్యాయమే. తిట్టి తిట్టి అలిసి, మళ్లీ తెర చూసి, "నువ్వు ఆపిన క్షణం కూడా పట్టేసిందే ఈ పెట్టె" అన్నాడు మెల్లగా. పెట్టెలు తీసుకున్నాడు. అక్క బయటికొచ్చాక నా వీపు మీద ఒక్కటి చరిచి, "నీ పెట్రోలా, నీ అయ్య పెట్రోలా? ఎవలిదని ఆదా చేసినవ్ రా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

రెండు వారాలకు ప్రొబేషన్ కాగితం వచ్చింది. ఉద్యోగం ఖాయం. కింద, కొండ మీది కథంతా అక్క నోట విన్న మేనేజర్ రాసిన ఒక్క వరుస: "ఇతని మాట నమ్మవచ్చు. వాహనం మాత్రం ఇవ్వవద్దు."

ఇప్పుడు నా కిందా నలుగురు పనిచేస్తున్నారు. మీటింగులో ఏదైనా తప్పు బయటపడితే అది ఎవరి మీదికి పోతుందోనని ముందు అందరి మొహాలూ చూస్తాను, ఆ తర్వాతే నోరు విప్పాలా వద్దా అని ఆలోచిస్తాను. అలా ఆలోచిస్తూ కూర్చున్నప్పుడల్లా, వీసా పోతుందని తెలిసీ "నేనే" అన్న ఆ తింగరి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి బండి నడపడం రాదు కానీ, నాకంటే మంచివాడు.