అరవై రెండు పేజీలకు ఒకటే ఫైలు

జూలూరుపాడు దగ్గరి తండాలో పుట్టిన మంగ్లి, కొత్తగూడెంలో కంప్యూటర్ కోర్సు చేసి భద్రాచలంలోని ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. గోదావరి ఒడ్డున ఉన్న అరవై రెండు ఊళ్లకు ఒక్కో వెబ్ పేజీ చేత్తో రాసింది. వరదొస్తే ఏ వాడవాళ్లు ఎన్నింటికి ఏ పడవ ఎక్కాలో, ఏ బడిలో తలదాచుకోవాలో అందులో ఉండేది.

మొదట్లో ప్రతి పేజీలో, ప్రతి వాక్యానికీ రంగూ సైజూ విడివిడిగా రాసేది. శీర్షికల రంగు మార్చాలంటే రెండు రోజులు పట్టేది. 2006 వేసవిలో స్టైల్ షీట్ సంగతి నేర్చుకుంది. రంగులు, సైజులు, వరుసలు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, పేజీలన్నీ దాన్ని చూసి నడుచుకునేలా తిరగరాసింది. బాగున్నవాటిని కెలకడం దేనికని ఇన్‌చార్జి జస్టిన్ విసుక్కున్నాడు.

ఆగస్టులో నది పొంగింది. పొద్దున పదింటికి ఎగువ సహాయ కేంద్రం నుంచి భద్రయ్య ఫోన్ చేశాడు. పేజీలు ప్రింటు తీసి గోడకు అంటించడం ఆయన పని.

"బిడ్డా, కాగితం మీద అక్షరాలు కనబడ్తలేవు. జనం వచ్చి నిలబడ్డరు. ఏం చెప్పాలె?"

కాసేపాగి పేజీ మళ్లీ తెరిచి చూడమని మంగ్లి చెప్పింది. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు పెట్టింది తనే. ప్రింటులో ఆకుపచ్చ రాదు, పసుపు ఆనదు. స్టైల్ షీట్ తెరిచి అక్షరాలను నల్లగా, పెద్దగా మార్చింది. మార్చింది ఫైలులో రెండు వరుసలే. ఆ చిన్న ఫైలు ఒక్కటి పంపింది. ఆఫీసుకున్నది ఒకటే లైను, నెట్ కలిపితే ఫోన్ మోగదు. వెంటనే నెట్ తెంపేసి ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. బయట మైకులో మూడో ప్రమాద హెచ్చరిక చెబుతున్నారు.

ఫోన్ మోగింది. అక్షరాలు నల్లబడ్డాయి కానీ వరుసలన్నీ చెదిరిపోయాయని భద్రయ్య చెప్పాడు. వాడల పేర్లు ఒకచోట, పడవల వేళలు ఇంకోచోట పడుతున్నాయట. అన్ని పేజీలూ అంతేనట.

"పాత పద్ధతిల అయితే ఒక్క పేజీయే చెడేది," అన్నాడు వెనక నిలబడ్డ జస్టిన్, మెల్లగా.

అది నిజమే. మంగ్లి ఫైలు మళ్లీ తెరిచింది. ఫైలును పైనుంచి ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. ఇందాక తొందరలో రెండు వరుసలతో పాటు వాటి కింద, ఆ నియమం అక్కడితో అయిపోయిందని చెప్పే మూసే బ్రాకెట్ కూడా చెరిపేసింది. అది లేక కిందున్న నియమాలన్నీ పనిచేయడం మానేశాయి. బ్రాకెట్ పెట్టి, ఈసారి ముందు తన కంప్యూటర్‌లోనే మూడు పేజీలు తెరిచి చూసుకుంది. లైను రెండుసార్లు తెగింది. మూడోసారికి ఫైలు వెళ్లింది.

నెట్ తెంపి, పేజీ మళ్లీ కొత్తగా తెరవమని భద్రయ్యకు ఫోన్‌లో చెప్పింది. కాసేపు అవతల ప్రింటరు చప్పుడే వినిపించింది.

"వచ్చినయ్. దూరంకెల్లి గూడ చదవొస్తున్నది."

అయినా గంట ఆలస్యం ఆలస్యమే. ఒక ఊరివాళ్లు తెలియక, తాళం తీయని వేరే బడికి నడిచారు, సాయంత్రం దాకా పిల్లలు తడుస్తూనే ఉన్నారు. చివరికి అందరూ క్షేమంగా ఒడ్డు చేరారు. తర్వాత జస్టిన్ నివేదికలో ఆలస్యానికి కారణం నెట్‌వర్క్ లోపం అని రాస్తే, మంగ్లి దాన్ని కొట్టేయించి తన పేరు రాయించింది.