జగన్నాధం పెట్టెలో చోటు లేదు

పరుల పెట్టె కంటబడితే అందులోని వస్తువులన్నీ బయటికి తీసి, తిరిగి తన పద్ధతిలో సర్దకుండా ఉండగల నిగ్రహాన్ని జగన్నాధానికి భగవంతుడు ప్రసాదించలేదు. రైలు తపాలాలో ముప్పై యేళ్లు ఉత్తరాలు వేరుచేసిన ఆ చేతులు, పదవీ విరమణ తరువాత విజయనగరంలో తన వీధివారి పెట్టెల మీద పడ్డాయి.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: బోలుగా ఉన్నది ఏదీ బోలుగా ఉండరాదు. చెంబులో గ్లాసు, గ్లాసులో సబ్బు పెట్టె, సబ్బు పెట్టెలో బొత్తాములు. మహర్షి పుడిసిలిలో సముద్రం ఇమిడినట్లు సంసారమంతా ఒక ట్రంకులో ఇమిడిపోయేది. అయితే ఊరు చేరాక సబ్బు కావలసివస్తే సంసారమంతా బయటికి రావలసిందే! అదీగాక, ఆయన సర్దిన ప్రతి పెట్టెలోనూ ఒక పరాయి వస్తువు దొర్లేది.

"ఏటి మావా, పూరీ యాత్రలో మా పెట్టి మూత తీస్తే నీ రగ్గు మా బట్టల్లో ఉన్నాది!" అని పక్కింటి దాలయ్య తిరిగి ఇవ్వబోతే జగన్నాధం కస్సుమన్నాడు.

"ఉంటే ఉన్నాది. పట్టుకుపో. నా పెట్టిలో సోటు లేదు."

సింహాచలం వెళ్లివచ్చిన వీధి చివరి తాతమ్మ, తన పెట్టెలో దొరికిన ఆయన గొడుగు తెచ్చి ఇచ్చినా అదే సమాధానం. ముసలాయనకు మతి తప్పుతున్నదని వీధి తీర్మానించింది.

కీలక నామ సంవత్సరం, కార్తిక మాసం. ఎదురింటి నరసింగరావుకు కాకినాడలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. మూడుసార్లు తిరస్కృతుడైన అతనికి వయోపరిమితి దాటబోతున్నది కనుక ఇదే ఆఖరు అవకాశం. ఇంటర్వ్యూ శుక్రవారం, గురువారం బయలుదేరాలి. గురువారం దక్షిణ దిక్కుకు వారశూల అని తల్లి జగ్గమ్మ అడ్డుపడింది. దానికి పెద్దలు చెప్పిన ఉపాయం ప్రస్థానం. బుధవారం మంచి ఘడియలో పెట్టెను ఇల్లు దాటించి పొరుగింట ఉంచితే, మనిషి అప్పుడే బయలుదేరినట్లు. దాటిన పెట్టె మాత్రం మళ్లీ గడప తొక్కరాదు.

"పొరుగిల్లంటే జగన్నాధం మావ ఇల్లేనేటమ్మా?" నరసింగరావు పెట్టెను గట్టిగా పట్టుకున్నాడు.

"మరెవులిల్లురా? బేగి పట్టుకెళ్లు, గడియ దాటిపోతాది!"

పులి గుహ ముందు లేగదూడను కట్టినట్లు పెట్టెను ఆయన అరుగు మీద దింపాడు. "మావా, నీకు దండం పెడతాను. మూత తియ్యకు. సర్టిఫికెట్లున్నాయి."

"నాకేటి పనిరా? ఓపాలి తిన్నగా నిలబడు." జగన్నాధం పురికొస తీసి అతని భుజాల వెడల్పూ, చేతుల పొడవూ కొలిచాడు.

"కొలతలెందుకు మావా?"

"మనిషి కొలత తెలీకండా మడత కుదరదురా, ఎర్రోడా!"

మూత తీయనివాడికి మడతతో పనేమిటో నరసింగరావుకు ఎంతకూ బోధపడలేదు. మరునాడు స్టేషనుకు బయలుదేరే వేళకు జగన్నాధం ఆ మూత మీదనే, ఏమీ ఎరుగనట్లు కూర్చుని ఉన్నాడు.

శుక్రవారం ఉదయం కాకినాడ సత్రంలో పెట్టె తెరిచేసరికి అన్నిటికంటె పైన తెల్లని కొత్త చొక్కా. అది తనది కాదు. కాలరు చిరిగిన తన చొక్కా జాడ లేదు. పెట్టె మారిపోయిందా? అడుగున అమ్మ కట్టిన అటుకులు ఉన్నాయి. తువ్వాలు తనదే. పెట్టె తనది, చొక్కా పరాయిది, సర్టిఫికెట్లు శూన్యం! చెంబు బోర్లించాడు. గ్లాసు. గ్లాసు బోర్లించాడు. సబ్బు పెట్టె. అందులో నాలుగు బొత్తాములు నవ్వుతున్నాయి.

సత్రం కాపలాదారు తొంగి, నేలంతా పరచుకున్న సామాను చూశాడు. "ఏంటండి బాబూ, కొట్టెట్టేశారేంటి?"

తొమ్మిది కొట్టింది. పది గంటలకు ఇంటర్వ్యూ. పరుల సొమ్ము ముట్టరాదని పక్కన ఉంచిన చొక్కానే చివరకు కసికొద్దీ దులిపాడు. దాని వీపు మడతలోనుంచి సర్టిఫికెట్లు, నలగకుండా, అట్టముక్కల్లా జారిపడ్డాయి. చొక్కా మడత విప్పితే తప్ప చేతికి అందని చోటది. తొడుక్కున్నాడు. భుజాలు సరి, చేతులు సరి.

అప్పుడు పురికొస జ్ఞాపకం వచ్చింది. దాని వెంట దాలయ్య రగ్గు, తాతమ్మ గొడుగు. దాలయ్య పూరీ వెళ్లింది పుష్యమాసపు చలిలో. తాతమ్మ ఎక్కిన కొండ మీద ఆనాడు వాన.

ఇంటర్వ్యూలో అక్కడికక్కడే ఉద్యోగం ఖాయమైంది. ఆదివారం నరసింగరావు చొక్కా ఉతికి మడిచి, కాజాల పొట్లం, ఒక కొత్త తువ్వాలు పట్టుకుని ఎదురింటికి వెళ్లాడు.

"మావా, ఉద్యోగం దొరికీసినాది! నీ సొక్కా మా పెట్టిలో వచ్చీసింది."

"వస్తే ఉంచుకో. నీ పాతదానికి కాలరు తిప్పించినాను, అదీ పట్టుకుపో. నా పెట్టిలో సోటు లేదు."

నరసింగరావు వంగి మంచం కింది పెట్టె లాగి మూత ఎత్తాడు. ఒక పంచె, ఒక పురికొస ఉండ. తక్కినదంతా చోటే.

జగన్నాధం ముఖం ఎర్రబడింది. "పరుల పెట్టి తీస్తావేట్రా? సిగ్గు లేదేటి?"

"బోలుగా ఉన్నది బోలుగా ఉండకూడదని నువ్వే కదా మావా సెప్పినావు." కాజాలూ తువ్వాలూ అందులో పెట్టి మూత వేశాడు.

ముసలాయన పెట్టెను ముందుకు లాక్కున్నాడు. తరువాత మూత తెరిచి, అతడు పెట్టినవన్నీ బయటికి తీశాడు.

"ఇదేనేట్రా సర్దడం? కొత్త తువ్వాలకి కాజాల పాకం అంటించీసినావు! తప్పుకో!"

అంటూ జగన్నాధం, ఆ వీధిలో సర్దకుండా మిగిలిపోయిన ఒకే ఒక పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.