గోరింట మొదట్లో చీమలు

ఆ మధ్యాహ్నం మందు పాప కడుపులోకి పోయిందా, గోరింట చెట్టు మొదట్లోకి పోయిందా? ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది. జవాబు తెలిసిన ఒకే ఒక్క మనిషి, పెద్దపల్లిలో మా పక్కింటి పెద్దమ్మ, పోయిన వారం కన్నుమూసిందని ఫోన్ వచ్చింది.

దేన్నీ ఊరికే నమ్మేది కాదామె. పాలలో వేలు ముంచి చూసేది. కూరగాయలు తూచేముందు ఖాళీ తక్కెడను ఓసారి ఎత్తించేది. "నమ్ముడు మంచిదే గని, మూత తీసి సూస్తె ఏం పోతది?" అనేది. మందులంటే మరీ అనుమానం. అవి నొప్పిని తియ్యవట, దాపెడతాయట. అయినా నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోతే మా పాపను చూసుకున్నది ఆమే. నా ఉద్యోగం నిలిచింది ఆమె వల్లనే.

పాపకు ఆరేళ్లప్పుడు పుచ్చిన దవడపన్ను పీకించాం. తిమ్మిరి దిగకముందే తియ్యటి నొప్పి మందు ఒక మూతెడు తాగించమని, ఆ తర్వాత ఆరు గంటలు గడిచేదాకా మళ్లీ ఇవ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ. సీసా పెద్దమ్మ చేతికిచ్చి, రెండుసార్లు చెప్పి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి పాప చెంప పట్టుకుని మూలుగుతోంది. సీసాను వెలుతురుకు ఎత్తి చూశాను. ఒక మూతెడు తగ్గింది. కానీ పెద్దమ్మ వాకిట్లో గోరింట మొదట్లో చీమలు ముసిరి ఉన్నాయి. పాపను అడిగితే తియ్యటిదేదో తాగానంది. పెద్దమ్మ ఇచ్చే చక్కెర నీళ్లూ తియ్యగానే ఉంటాయి.

తాగించి ఉంటే అప్పుడే ఇంకో మూతెడు పోయడం ప్రమాదం. తాగించకపోతే పిల్ల ఊరికే బాధపడుతోంది.

"మందు తాగించినవా పెద్దమ్మా?"

"సీసా ఎత్తి సూసినవ్ గద బిడ్డా. ఇంక నన్నెందుకు అడుగుతున్నవ్?"

కోపంగా అనలేదు. నా చేతిలో మూత చూసి, "ఇప్పుడే పొయ్యకు, జర ఆగు" అంది. పాపను ఒళ్లోకి తీసుకుని, చెంపకు తడిగుడ్డ అద్దుతూ, డాక్టరు చెప్పిన వేళ దాకా కదలకుండా కూర్చుంది. తాగించింది గనక ఆగమందా? మందంటే గిట్టక ఆగమందా?

ఆ తర్వాతా పిల్లను రోజూ ఆమెకే అప్పగించాను. మందు సీసా మాత్రం మళ్లీ ఇవ్వలేదు. ఆమె అది గమనించింది.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్న నా కూతురికి ఆ పన్ను సంగతిలో తడిగుడ్డ చల్లదనం తప్ప మరేమీ గుర్తు లేదు. మొన్న ఇద్దరం పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు నా కళ్లు ముందు గోరింట మొదట్లోకే పోయాయి. అక్కడ మందు లేదు, చక్కెర నీళ్లు లేవు. చీమలు మాత్రం బారులు కట్టి ఉన్నాయి. అయినా ఆమె తాగించిందో, పారబోసిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.