తీగ మీద నల్లంచి

బీర్‌గావ్‌లో మా నాన్నకి పిట్టల్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటుండేది. ముందు కళ్లు మూసుకోవాలి. కూత ఎటునుంచి వస్తోందో వేలు చూపించాలి. ఆ తర్వాతే కళ్లు తెరవాలి. శ్రీకాకుళం నుంచి ఆ హిందీ ఊరికి వచ్చి, పక్కనే ఉన్న భన్‌పురిలో రేకులు కోసే ఫ్యాక్టరీలో కుదురుకున్న మనిషికి ఆదివారం పొద్దున్న అదొక్కటే సరదా. నాకు నల్లంచిని అలాగే నేర్పాడు: నలుపూ తెలుపూ ఒళ్లు, నిక్కబొడుచుకున్న తోక, ఎండాకాలం తెల్లారగానే ఎత్తయిన చోటు చూసుకుని సన్నటి ఈల. నాన్న తనూ అదే ఈల వేసేవాడు. పిట్ట జవాబిచ్చేది. ఆ జవాబు కోసం చాయ్ చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదు.

మొన్న వేసవిలో వెళ్తే, "నల్లంచులు ఇప్పుడు నేవే. ఫ్యాక్టరీల పొగకి అన్నీ ఖతం" అన్నాడు.

ఆయన ఆ మాట అంటున్నప్పుడే, మా నెత్తిమీద కరెంటు తీగ మీద కూర్చుని ఒకటి గొంతు చించుకుని పాడుతోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న మీద కాదు. ఏళ్ల తరబడి రేకులు కోసే మెషిన్ల మోత మధ్య నిలబెట్టి, చెవులకి అడ్డంగా ఏమీ ఇవ్వనివాళ్ల మీద. ఎవరైనా దూది పెట్టుకుంటే సూపర్‌వైజర్ "క్యా బే, దుల్హన్ హై క్యా?" అని నవ్వేవాడట. పెళ్లికూతురివా అన్నాక ఏ మగాడు పెట్టుకుంటాడు? పక్కవాళ్లూ పగలబడి నవ్వేవారట. ఇప్పుడు ఆ నవ్వినవాళ్ల ఇళ్లలో టీవీ మోత వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"చెవులు చూపించుకుందాం నాన్నా!" అని అరిచాను.

"నాకేటయింది? కాకి వినిపిస్తంది, కోయిల వినిపిస్తంది. చెవిటోడికి వినిపిస్తాయేటి?"

అదే అన్యాయం. కాకుల్నీ లారీ హారన్లనీ ఆయనకే వదిలేసి, ఆ సన్నటి ఈలని మాత్రం పట్టుకుపోయింది ఆ మాయదారి మెషిన్.

గడ్డం పట్టుకుని ఆయన తల తీగవైపు తిప్పాను. పిట్ట తోక ఎగరేస్తోంది, ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. నాన్న మొహం వెలిగింది. అంతలోనే చిన్నబోయింది.

"పాపం, దీని గొంతు పోనాదే. పొగ మింగీసినాది."

"గొంతు కాదు, నీ చెవి!"

వీధంతా మావైపు తిరిగింది. నాన్న మాత్రం తీగనే చూస్తున్నాడు. కాసేపటికి పెదాలు తడుపుకుని ఈల వేశాడు. గాలే ఎక్కువ వచ్చింది, కానీ వరస పాతదే. పిట్ట వెంటనే జవాబిచ్చింది.

ఆయన నావైపు చూశాడు. "ఇచ్చిందేటే?"

"ఇచ్చింది" అన్నాను. ఆయనకి వినపడలేదు.

"ఏటి?"

"ఇచ్చింది నాన్నా!" అని కోపమంతా కక్కుతూ అరిచాను. నా అరుపుకి పిట్ట ఎగిరిపోయింది.